మునుగోడు ఎవరి కంచుకోటా కాదు

సంపాదకులకు,

అయ్యా,

శాసనసభ నియోజకవర్గాల పునర్విభజన మాట మళ్ళీ వినిపిస్తున్నందువల్ల కాబోలు, పత్రికల్లోనూ టీవీ చర్చల్లోనూ ఒక్కొక్క నియోజకవర్గం పూర్వాపరాలు చెప్పడం ఈ మధ్య ఎక్కువైంది. ఉమ్మడి నల్గొండ జిల్లాలోని మా మునుగోడు వంతు వచ్చినప్పుడల్లా రెండు మూడు మాటలతో పని ముగిస్తున్నారు. ఒకచోట అది కాంగ్రెస్ కంచుకోట, మరొకచోట కమ్యూనిస్టుల కంచుకోట. ఈ రెండూ కాకపోతే దేశంలోనే ఖరీదైన ఉప ఎన్నిక జరిగిన చోటు. చండూరులో స్థిరపడిన విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి నేను. ఉద్యోగంలో ఉన్నంతకాలం పోలింగ్ విధులు తప్పించుకోలేకపోయినవాణ్ణి. ఆ చనువుతో ఈ ఉత్తరం రాస్తున్నాను. ఈ మూడు మాటల్లో మొదటి రెండూ లెక్కకు నిలవవని, మూడోది నిజమే అయినా మా ప్రాంతం ఎన్నికల చరిత్రలో అది ఒక్క ఏడాది ముచ్చట మాత్రమేనని మీ పాఠకులకు తెలియజేయడమే నా ఉద్దేశం.

ముందు లెక్క చూద్దాం. మునుగోడు నియోజకవర్గం 1967లో ఏర్పడింది. నాటి నుంచి 2023 వరకు 13 సాధారణ ఎన్నికలు, ఒక ఉప ఎన్నిక జరిగాయి. మొదటి నాలుగింటిలో, అంటే 1967, 1972, 1978, 1983లలో కాంగ్రెస్ తరఫున పాల్వాయి గోవర్ధన్ రెడ్డి వరుసగా గెలిచారు. తర్వాతి మూడింటిలో, అంటే 1985, 1989, 1994లలో సీపీఐ తరఫున ఉజ్జిని నారాయణరావు గెలిచారు. 1999లో పాల్వాయి మళ్ళీ వచ్చారు. 2004లో సీపీఐ అభ్యర్థి పల్లా వెంకట్ రెడ్డి, 2009లో అదే పార్టీ నుంచి ఉజ్జిని యాదగిరిరావు, 2014లో టీఆర్ఎస్ నుంచి కూసుకుంట్ల ప్రభాకర్ రెడ్డి, 2018లో కాంగ్రెస్ నుంచి కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి ఎన్నికయ్యారు. 2022 ఉప ఎన్నికలో కూసుకుంట్ల, 2023లో మళ్ళీ రాజగోపాల్ రెడ్డి గెలిచారు. మొత్తం మీద కాంగ్రెస్‌కు ఏడు, సీపీఐకి ఐదు, టీఆర్ఎస్‌కు రెండు. తెలుగుదేశం గానీ బీజేపీ గానీ ఇక్కడ ఒక్కసారీ గెలవలేదు. కంచుకోట అని రాసేవారు ఈ జాబితాలో తమకు కావలసిన సగాన్ని చూసుకుని మిగతా సగాన్ని వదిలేస్తున్నారు. 1983 వరకు ఆగితే కాంగ్రెస్ కోట, 1985 నుంచి మొదలుపెడితే ఎర్రజెండా కోట. 1994 తర్వాత అయితే వరుసగా రెండుసార్లు గెలిచిన మనిషే లేడు. మూడు దశాబ్దాలుగా ఏ ఒక్కరికీ వరుసగా రెండోసారి తలుపు తీయని ఊళ్ళను కోట అనడంలో అర్థమేమిటో నాకు బోధపడదు.

ఇదే జాబితాను రాష్ట్రంలో ఎవరు అధికారంలోకి వచ్చారన్న దానితో పోల్చి చూస్తే మరో విషయం బయటపడుతుంది. దీన్ని మీ పత్రికలోనే కాదు, ఏ పత్రికలోనూ నేను చదివిన గుర్తు లేదు. 1983లో రామారావు గారి గాలికి రాష్ట్రమంతా ఊగిపోతే మునుగోడు కాంగ్రెస్‌ను గెలిపించింది. 1989లో కాంగ్రెస్ తిరిగి అధికారంలోకి వస్తే ఇక్కడ సీపీఐ నిలిచింది. 1999లో తెలుగుదేశం గెలిస్తే ఇక్కడ కాంగ్రెస్, 2009లో కాంగ్రెస్ గెలిస్తే ఇక్కడ తెలుగుదేశం, టీఆర్ఎస్‌లతో కూటమి కట్టిన సీపీఐ, 2018లో టీఆర్ఎస్ ఘనవిజయం సాధిస్తే ఇక్కడ మళ్ళీ కాంగ్రెస్. 1983 నుంచి జరిగిన పది సాధారణ ఎన్నికల్లో ఐదింట అధికార పక్షం వైపు, ఐదింట ఎదుటి పక్షం వైపు మొగ్గిన నియోజకవర్గం ఇది. గాలివాటం ఓటర్లని మమ్మల్ని అనేవారున్నారు గనుక ఈ లెక్క చెబుతున్నాను. గాలి ఎటు వీస్తే అటు పోయే అలవాటే ఉంటే ఐదుసార్లు ఎదురు నడిచేవాళ్ళం కాదు.

సీపీఐ గెలుపుల గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఐదుసార్లు కంకి కొడవలి గెలిచిందన్నది నిజం, కానీ ఐదుసార్లూ పొత్తు ఉంది. 1985, 1989, 1994లలో తెలుగుదేశం తోడు, 2004లో కాంగ్రెస్ తోడు, 2009లో మహాకూటమి తోడు. అందువల్లనే తెలుగుదేశానికి మంచి బలమున్న రోజుల్లో కూడా సైకిల్ గుర్తు మీద ఇక్కడి నుంచి ఎవరూ శాసనసభకు వెళ్ళలేదు, సీటు మిత్రపక్షానికి పోయేది. ఇలా చెప్పడం కమ్యూనిస్టులను తక్కువ చేయడానికి కాదు. 1952 లోక్‌సభ ఎన్నికల్లో జవహర్‌లాల్ నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో రావి నారాయణరెడ్డిని పార్లమెంటుకు పంపిన జిల్లా మాది. సాయుధ పోరాటం నాటి జ్ఞాపకాలు ఇక్కడి ఊళ్ళలో ఇంకా చెరిగిపోలేదు, పొత్తు ఏ పార్టీతో పెట్టుకున్నా ఆ ఓటు చెక్కుచెదరకుండా పడటం పోలింగ్ కేంద్రంలో కూర్చున్నవాడిగా నాకు తెలుసు. అయితే ఒక పార్టీ తన బలంతో గెలవడం వేరు, తన బలానికి మరొకరి బలం కలిస్తే గెలవడం వేరు. చరిత్ర రాసేటప్పుడు ఈ తేడా రాయకపోతే 2014లో ఏం జరిగిందో పాఠకుడికి అర్థం కాదు. ఆ ఏడాది కాంగ్రెస్‌తో పొత్తులో ఈ సీటు సీపీఐకి వెళ్ళింది. పాల్వాయి గారి కుమార్తె స్రవంతి తిరుగుబాటు అభ్యర్థిగా స్వతంత్రంగా నిలబడి రెండో స్థానంలో నిలిచారు, టీఆర్ఎస్ అభ్యర్థి 38 వేల పైచిలుకు ఆధిక్యంతో గెలిచారు. పొత్తు కాగితం మీద కుదిరింది గానీ ఊళ్ళో కుదరలేదు.

పార్టీల సంగతి ఇలా ఉండగా, మా ఎన్నికల చరిత్రను అసలు నడిపించింది నీళ్ళు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు, నారాయణపూర్ మండలాల్లోని భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ గురించి తెలియని తెలుగువారు ఉండరు. తాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. మా బోర్లలో చాలాచోట్ల అంతకు ఎన్నో రెట్లు ఉండేది. నా తరగతి గదిలో పిల్లలు నవ్వితే గారపట్టిన పళ్ళు కనిపించేవి, వారి తల్లిదండ్రుల్లో నడుము వంగినవారు, మోకాళ్ళు వంకర తిరిగినవారు ఊరికి కొందరు ఉండేవారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీటి నుంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించింది. దానికి పెట్టిన పేరు 'నల్గొండ టెక్నిక్'. మా జిల్లా పేరు ఆ విధంగా ఆఫ్రికా దేశాల దాకా వెళ్ళింది. మంచినీళ్ళు మాత్రం మా ఊళ్ళకు రావడానికి చాలా కాలం పట్టింది.

ఆ కోపమే 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానంలో పోటీకి దిగింది. జిల్లాకు కృష్ణా జలాలు కావాలని, శ్రీశైలం ఎడమగట్టు కాలువ పూర్తి చేయాలని దుశర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి ఊరూరా నామినేషన్లు వేయించింది. చివరికి బరిలో నిలిచినవారు 480 మంది. పోలింగ్ వాయిదా పడింది, బ్యాలెట్ కాగితాన్ని పుస్తకంలా అచ్చువేయవలసి వచ్చింది. నాడు నేను పోలింగ్ విధుల్లో ఉన్నాను. అక్షరం రాని ముసలమ్మ ఒకామె ఆ పుస్తకాన్ని రెండు చేతుల్లో పట్టుకుని, "ఇంత పెద్ద పొత్తంల నా గుర్తు యాడుందో నువ్వే సూపెట్టు సారూ" అని అడిగితే, చూపించడానికి నిబంధన ఒప్పుకోక, ఊరుకోవడానికి మనసు ఒప్పుకోక నిలబడిపోయాను. గెలిచింది సీపీఐ నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం. మిగతావారిలో దాదాపు అందరికీ ధరావతు (డిపాజిట్) పోయింది. కానీ ఆ ఎన్నికలో నెగ్గాలని ఆ వందల మంది నిలబడలేదు, నీళ్ళ మాట ఢిల్లీ దాకా వినబడాలని నిలబడ్డారు. వినబడింది కూడా.

వినబడ్డాక ఢిల్లీ చేసిన మొదటి పని ధరావతు పెంచడం. అంతకుముందు లోక్‌సభకు 500 రూపాయలు, శాసనసభకు 250 రూపాయలు ఉండేది. ఆ ఏడాదే చట్టాన్ని సవరించి వాటిని 10,000కు, 5,000కు చేశారు. గుర్తింపు పొందిన పార్టీల వారు కాని అభ్యర్థులకు పదిమంది ప్రతిపాదకులు ఉండాలన్నారు. తర్వాత ఆ మొత్తాలు 25,000కు, 10,000కు పెరిగాయి. ఒక్క నల్గొండను చూసే ఇదంతా చేశారని నేననను. అదే ఏడాది తమిళనాడులోని మొడకురిచ్చి శాసనసభ స్థానంలో 1,033 మంది బరిలో ఉన్నారు. అయితే ఫ్లోరైడ్ నీళ్ళు తాగే రైతు నామినేషన్ వేయడాన్ని పరిపాలనకు ఎదురైన చిక్కుగా చూసిన తీరు మాత్రం ఇప్పటికీ నాకు మింగుడుపడదు. పసుపు రైతులు 2019లో నిజామాబాద్‌లో 185 మంది అభ్యర్థుల పోరుకు కారణమైనప్పుడు, పెరిగిన ధరావతు కూడా వారిని ఆపలేకపోయిందని గమనించాను.

ఇక 2022 సంగతి. దాని గురించి ఇప్పటికే ఎక్కువ రాశారు గనుక, కొన్ని మాత్రం చెబుతాను. ప్రతిపక్షంలో ఉన్నందువల్ల తన నియోజకవర్గాన్ని ప్రభుత్వం పట్టించుకోవడం లేదని, రాజీనామా చేస్తేనైనా అభివృద్ధి జరుగుతుందని చెప్పి రాజగోపాల్ రెడ్డి ఆ ఏడాది ఆగస్టులో శాసనసభ సభ్యత్వాన్ని వదులుకున్నారు. శాసనసభ గడువుకు ఏడాదికి మించి సమయం ఉంది కాబట్టి ఆరు నెలల్లోగా ఎన్నిక జరపక తప్పదు. నవంబరు 3న పోలింగ్ జరిగింది. 47 మంది అభ్యర్థులు, దానికి నోటా కలిపితే 48. ఒక్కో బ్యాలెట్ యూనిట్‌లో 16 మీటలు ఉంటాయి, అంటే మూడు యూనిట్లు ఒక్క మీట కూడా ఖాళీ లేకుండా నిండాయి. తన కారు గుర్తును పోలిన గుర్తులు ఎవరికీ ఇవ్వవద్దని నాటి అధికార పార్టీ టీఆర్ఎస్ పట్టుబట్టడం, ఒక అభ్యర్థికి కేటాయించిన రోడ్డు రోలర్ గుర్తును ఎన్నికల అధికారి మార్చడం, ఎన్నికల సంఘం ఆ అధికారిని తప్పించి గుర్తును తిరిగి ఇప్పించడం ఆ రోజుల్లో పెద్ద వార్తలు. 93.13 శాతం ఓట్లు పోలయ్యాయి. డబ్బుకు ఆశపడి అంతమంది వచ్చారన్న వ్యాఖ్య అప్పుడు విన్నాను. డబ్బు పంచలేదని చెప్పేంత అమాయకుణ్ణి కాను. అయితే ఏడాది తర్వాత సాధారణ ఎన్నికల్లో కూడా 91.89 శాతంతో రాష్ట్రంలో మొదటి స్థానంలో ఉన్నది మునుగోడే, అదే రోజు హైదరాబాద్‌లోని యాకుత్‌పురాలో 40 శాతం కూడా పోలవలేదు. బతుకుదెరువుకు హైదరాబాద్, సూరత్, భీవండి వెళ్ళినవారు బస్సెక్కి వచ్చి ఓటు వేసి పోయే అలవాటు ఇక్కడ ఉప ఎన్నికతో పుట్టింది కాదు.

ఓట్ల లెక్క మరింత ఆసక్తికరం. 2018లో కాంగ్రెస్ గుర్తు మీద రాజగోపాల్ రెడ్డికి 97,239 ఓట్లు వచ్చాయి. 2022లో బీజేపీ గుర్తు మీద అదే మనిషికి 86,697 వచ్చాయి. అంతకు నాలుగేళ్ళ ముందు ఇదే నియోజకవర్గంలో బీజేపీకి 13 వేలు కూడా దాటలేదు. టీఆర్ఎస్ అభ్యర్థి కూసుకుంట్ల కమ్యూనిస్టు పార్టీల మద్దతుతో 97,006 ఓట్లు తెచ్చుకుని 10,309 ఆధిక్యంతో నెగ్గారు. ఐదున్నర దశాబ్దాల్లో ఆరుసార్లు గెలిచిన కాంగ్రెస్‌కు 23,906 ఓట్లు వచ్చి ధరావతు పోయింది. పదమూడు నెలలు తిరగకుండానే, 2023లో, అదే కాంగ్రెస్‌కు 1,19,624 ఓట్లు, 40,590 ఆధిక్యం. కాంగ్రెస్ గుర్తు మీద నిలిచింది మళ్ళీ రాజగోపాల్ రెడ్డే. ఇందులో ఏ పార్టీకీ పునాది కనబడదు. సగం ఓటు మనిషి వెంట నడుస్తోంది, మిగతా సగం ఎవరు ఎవరితో కలిశారన్నది చూసుకుని నడుస్తోంది. ఇది మంచిదని నేననడం లేదు, పార్టీలు మా ఊళ్ళలో సంఘాలుగా బతకడం మానేశాయనడానికి ఇదే గుర్తని నా అభిప్రాయం. ఒకప్పుడు చేనేత సంఘం, గీత కార్మికుల సంఘం, రైతు కూలీ సంఘం ద్వారా పార్టీ ఊళ్ళోకి వచ్చేది. ఇప్పుడు అభ్యర్థి ద్వారా వస్తోంది, ఆయన పోతే ఆయనతోనే పోతోంది.

ఉప ఎన్నిక వల్ల ఏమీ రాలేదని కూడా అనలేను. 2016లో జిల్లాలు, మండలాలు విడదీసినప్పటి నుంచి గట్టుప్పల ప్రజలు మండలం కోసం అడుగుతూనే ఉన్నారు. రాజీనామా మాటలు గట్టిగా వినబడుతున్న 2022 జులైలో వారి కోరిక తీరింది. 2021లో హుజూరాబాద్‌లో ఉప ఎన్నికకు ముందు దళితబంధు పథకం మొదలైన తీరు చూసినవారికి ఇది వింత కాదు. మా ఎమ్మెల్యే కూడా రాజీనామా చేస్తే బాగుండునని ఇతర నియోజకవర్గాల ప్రజలు ఆ రోజుల్లో అనుకోవడం హాస్యానికే అయినా, ఆరేళ్ళు అర్జీలు పెట్టుకుంటే రానిది ఖాళీ కుర్చీతో వచ్చిందంటే, ఆ ఆరేళ్ళ అర్జీలను ఏ బల్ల మీద పెట్టారని ఎవరైనా అడగాలి కదా. ఇంటింటికీ తాగునీరిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్‌ను 2015లో మా చౌటుప్పల్‌లోనే ఆవిష్కరించారు, నదీజలాలు ఇళ్ళకు వచ్చాయి, ఈ తరం పిల్లల పళ్ళు తెల్లగా ఉన్నాయి. దాన్ని కాదనడం కృతఘ్నత. సాగునీటి కథ మాత్రం వేరు. డిండి ఎత్తిపోతలకు అదే ఏడాది మర్రిగూడ మండలం శివన్నగూడెంలో పునాదిరాయి పడింది, భూములు పోయినవారు పరిహారం కోసం రోడ్డెక్కారు, పొలాలకు నీళ్ళు రావలసే ఉంది. 1996లో ఆ వందల మంది అడిగిన శ్రీశైలం ఎడమగట్టు కాలువకు నీళ్ళు తేవలసిన సొరంగం దాదాపు 44 కిలోమీటర్ల పొడవుది. 2025 ఫిబ్రవరిలో అందులో పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయిన నాటికి కూడా అది పూర్తి కాలేదు.

మరొక లెక్క చెప్పి ముగింపుకు వస్తాను. ఈ 14 గెలుపులను పంచుకున్నవారు ఆరుగురే. ఆ ఆరుగురిలో స్త్రీ లేరు. వెనుకబడిన తరగతుల నుంచి వచ్చినవారు ఒక్కరూ లేరు, ఓటర్ల జాబితాలో మాత్రం పద్మశాలీలు, గౌడలు, యాదవులు, ముదిరాజులు, ఇతర వెనుకబడిన తరగతులవారు కలిస్తే మెజారిటీ వారిదే. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, దాన్ని నేసే ఇళ్ళ నుంచి మాత్రం ఎవరూ ఇక్కడ గెలిచి శాసనసభకు వెళ్ళలేదు. 'కంచుకోట' అన్న పదం కప్పిపుచ్చేది దీన్నే. కోట ఎవరిదన్న చర్చలో లోపల ఎవరున్నారన్న ప్రశ్న పక్కకు పోతుంది.

ఇప్పుడు నా మనవి. రాష్ట్ర పునర్విభజన చట్టంలోని 26వ విభాగం తెలంగాణ శాసనసభ స్థానాలను 119 నుంచి 153కు పెంచవచ్చని చెప్పినా, 2026 తర్వాతి జనగణన వచ్చేదాకా అది కుదరదని సుప్రీంకోర్టు 2025 జులైలో తేల్చింది. అంటే జనగణన ముగిశాక పునర్విభజన సంఘం ముసాయిదా వస్తుంది, అప్పుడు మునుగోడు హద్దులు మారక తప్పదు. ఇప్పటికే ఈ నియోజకవర్గం రెండు జిల్లాల్లో ఉంది. మునుగోడు, చండూరు, మర్రిగూడ, నాంపల్లి, గట్టుప్పల నల్గొండ కలెక్టరు కిందికి, చౌటుప్పల్, సంస్థాన్ నారాయణపూర్ భువనగిరి కలెక్టరు కిందికి వస్తాయి. ఒకే ఎమ్మెల్యే రెండు జిల్లాల సమీక్షా సమావేశాలకు తిరగడం ఎలా ఉన్నా, ఫ్లోరోసిస్ పింఛను కోసమో భూమి పరిహారం కోసమో తిరిగేవారికి ఆ గీత ఎక్కడుందో బాగా తెలుసు. కొత్త హద్దులు గీసేటప్పుడు నీటి కష్టం ఒకటిగా ఉన్న ఊళ్ళను ఒకచోట ఉంచాలని అడిగే అవకాశం అభ్యంతరాల గడువులో మాత్రమే ఉంటుంది, ఆ గడువు ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోతుందో పత్రిక చెప్పకపోతే ఊళ్ళో తెలిసే దారి లేదు.

కొండా లక్ష్మణ్ బాపూజీ 1957లో గెలిచిన చిన్నకొండూరు నియోజకవర్గం పేరు ఈనాటి పిల్లలకు తెలియదు. ఆ ఊరు ఇప్పుడు చౌటుప్పల్ మండలంలో ఒక గ్రామం మాత్రమే. మునుగోడు పేరుకు కూడా అదే గతి పడుతుందో లేదో చెప్పలేను. పట్టినా పట్టకపోయినా, ముసాయిదా వచ్చిన రోజున మీ జిల్లా అనుబంధంలో గ్రామాల పేర్లతో సహా పూర్తి జాబితాను, అభ్యంతరాలు పంపవలసిన చిరునామాను, ఆఖరి తేదీని ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. దాని పక్కనే 1967 నుంచి జరిగిన 14 ఎన్నికల పట్టికను కూడా వేయండి. గెలిచినవారి పేర్లు మాత్రమే కాక రెండో స్థానంలో నిలిచినవారు, నాటి పొత్తులు, పోలైన ఓట్ల శాతం అందులో ఉండేలా చూడండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
చండూరు, నల్గొండ జిల్లా